సన్‌షైన్, మూన్‌లైట్: తెర ఆలస్యమవుతుంటే ముందు ఏ మజిలీలో ఆగిందో చూడండి

గదిలో ఉన్న కంప్యూటర్‌ను హాల్లోని టీవీ మీదో, మంచం మీద కూర్చుని టాబ్లెట్ లోనో నడపడానికి ఇప్పుడు చాలామంది వాడే ప్రోగ్రాముల జంట ఇది. కంప్యూటర్‌లో సన్‌షైన్, చూసే పరికరంలో మూన్‌లైట్. రెండూ ఉచితం, రెండూ ఓపెన్ సోర్సు. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా, కంప్యూటర్ ఆటను వేరే తెరకు పంపే తన గేమ్‌స్ట్రీమ్ సేవను 2023లో ఆపేయడంతో, దానికి తోడుగా పుట్టిన మూన్‌లైట్‌కు సన్‌షైనే పెద్ద దిక్కయింది.

సమస్య రాగానే చాలామంది చేసే పని సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేయడం. దాంతో అసలు జబ్బు పోయిందో, కొత్తది పట్టుకుందో తెలియదు. తెరమీది బొమ్మ నాలుగు మజిలీలు దాటి వస్తుంది. కంప్యూటర్ దాన్ని పట్టుకుని వీడియోగా కుదిస్తుంది, నెట్‌వర్క్ మోసుకొస్తుంది, మీ చేతిలోని పరికరం విప్పుతుంది, ఆ పైన తెర చూపిస్తుంది. కీబోర్డుపై కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఎస్ మీటలు కలిపి నొక్కితే మూన్‌లైట్ మొదటి మూడు మజిలీల లెక్కలను తెర మూలన రాసి పెడుతుంది. ఫోన్లోనైతే సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) అంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. కింద ప్రతి అంకెనూ దీనితో పోల్చి చూడండి.

కంప్యూటర్ జాబితాలో కనిపించదు, లేదా జత కుదరదు

రెండు పరికరాలూ ఒకే రూటర్ కింద ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. రూటర్‌లోని గెస్ట్ వైఫై ఇంట్లోని మిగతా పరికరాలను కనపడనివ్వదు. అది సరిగానే ఉంటే ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. విండోస్ మీ ఇంటి నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా లెక్క వేసి ఉంటే ప్రైవేటుకు మార్చండి. విడిగా యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్‌లోనూ సన్‌షైన్‌కు అనుమతి ఇవ్వాలి. అప్పటికీ కనిపించకపోతే కంప్యూటర్ ఐపీ అడ్రసు చేత్తో కొట్టి చేర్చుకోండి.

మూన్‌లైట్ చూపించే నాలుగంకెల పిన్నును సన్‌షైన్ పేజీలో నమోదు చేయాలి. ఆ పేజీ అదే కంప్యూటర్ బ్రౌజర్‌లో https://localhost:47990 అని కొడితే తెరుచుకుంటుంది. బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిస్తే బెదరవద్దు. ఆ సర్టిఫికెట్‌ను సన్‌షైన్ తనకు తానే ఇచ్చుకుంది, అంతే.

నల్ల తెర, లేదా 503 అన్న ఎర్రర్

మానిటర్ కనెక్ట్ అయి ఉందా, ఆన్‌లో ఉందా అని ఆ ఎర్రరే అడుగుతుంది. చదవకుండా మూసేస్తాం. సన్‌షైన్ పట్టుకోవాలంటే గ్రాఫిక్స్ కార్డుకు ఒక తెర తగిలించి ఉండాలి. మానిటర్ లేని కంప్యూటర్ అయితే మానిటర్ ఉన్నట్టు నమ్మించే డమ్మీ హెచ్‌డీఎంఐ ప్లగ్గు పెట్టండి, లేదా వర్చువల్ డిస్‌ప్లే డ్రైవర్ వేసుకోండి.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉంటే తిప్పలు వేరు. తెర ఒకదానికి, వీడియో కుదించే పని ఇంకొకదానికి పడుతుంది. సన్‌షైన్ సెట్టింగుల్లో ఏ అడాప్టర్ (గ్రాఫిక్స్ చిప్పు), ఏ తెర అన్నది పేరుతో సహా చెప్పాలి.

విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌ను దీనితో కలిపి వాడకపోవడమే మేలు. దానితో లోపలికి వెళ్లగానే మీ సెషన్ అసలు మానిటర్‌ను వదిలేస్తుంది. సన్‌షైన్‌కు పట్టుకోవడానికి తెర మిగలదు. కంప్యూటర్ దగ్గర నేరుగా మళ్లీ లాగిన్ అయితే సర్దుకుంటుంది.

ఏది నొక్కినా ఆలస్యం, హోస్ట్ లేటెన్సీ అంకె పెద్దది

హోస్ట్ ప్రాసెసింగ్ లేటెన్సీ అన్న వరుస చూడండి. బొమ్మను పట్టుకుని కుదించడానికి కంప్యూటర్‌కు పట్టే సమయం అది. గ్రాఫిక్స్ కార్డే వీడియో కుదిస్తుంటే అది సాధారణంగా 10 మిల్లీసెకన్లలోపే ఉంటుంది. 20, 30 దాటితే తప్పు కంప్యూటర్‌దే. రూటర్‌ను తిట్టి లాభం లేదు. సన్‌షైన్ లాగ్ (తన పనుల చిట్టా) తెరిచి ఏ ఎన్‌కోడర్ (వీడియో కుదించే భాగం) దొరికిందో చదవండి. ఎన్విడియా అయితే ఎన్‌వీఈఎన్‌సీ (nvenc), ఇంటెల్ అయితే క్విక్‌సింక్, ఏఎండీ అయితే ఏఎంఎఫ్ అని ఉండాలి. సాఫ్ట్‌వేర్ అని ఉంటే ఆ బరువంతా ప్రాసెసర్ మోస్తోంది. డ్రైవర్‌ను కొత్తది వేయండి.

ఎన్‌కోడర్ సరిగానే ఉన్నా, ఆట నడుస్తున్నప్పుడు మాత్రమే అంకె ఎగబాకుతుంటే గ్రాఫిక్స్ కార్డుకు ఊపిరి సలపడం లేదని అర్థం. ఆటలోనే ఫ్రేములకు 60 దగ్గర హద్దు పెట్టండి. కార్డు వాడకం వంద శాతం నుంచి కాస్త దిగితే చాలు, అంకె దానంతటదే తగ్గుతుంది.

బొమ్మ కుదుపులు, గళ్లు గళ్లుగా చెదరడం

వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. చెప్పే కారణం మాత్రం తరచూ తప్పు. ఇంట్లోనే స్ట్రీమ్ చేస్తున్నప్పుడు మీ ఇంటర్నెట్ ప్లాన్‌కు ఇందులో పాత్రే లేదు. బొమ్మ రూటర్ దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది, వీధిలోకి వెళ్లదు. ప్లాన్ పెంచుకుంటే పెరిగేది బిల్లే.

కంప్యూటర్, టాబ్లెట్ రెండూ వైఫై మీద ఉంటే ప్రతి ఫ్రేమూ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. కంప్యూటర్ నుంచి రూటర్‌కు ఒకసారి, రూటర్ నుంచి టాబ్లెట్‌కు మరోసారి. కంప్యూటర్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలపండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే పని వేరే లేదు. రెండో వైపు 5 గిగాహెర్ట్జ్ వైఫైలోనే ఉండాలి. 2.4లో చుట్టుపక్కల ఫ్లాట్ల రూటర్లు, మీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అదే ఇరుకు సందులో తోసుకుంటాయి. అయితే 5 గిగాహెర్ట్జ్ గోడలను సరిగా దాటలేదు. రూటర్ ఒక మూల, మంచం మరో మూల ఉంటే సెట్టింగులు చూడకండి, రూటర్‌నే జరపండి.

ఇక అంకెలు. నెట్‌వర్క్ వల్ల పోయిన ఫ్రేముల శాతం పెరుగుతుంటే బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తగ్గించండి. 1080పీ, 60 ఫ్రేములకు మూన్‌లైట్ తనంతట తాను ఎంచుకునేది 20 మెగాబిట్లు. వైఫై బలహీనమైతే 10కి దించి చూడండి. శాతం సున్నాగా ఉండి జిట్టర్ (రాకలో ఎగుడుదిగుడు) వల్ల పోయినవి మాత్రమే పెరిగితే ఫ్రేములు చేరుతున్నాయి కానీ గుంపులుగా చేరుతున్నాయి. అప్పుడు మూన్‌లైట్‌లో ఫ్రేమ్ పేసింగ్ ఆన్ చేస్తే కదలిక నునుపవుతుంది, బదులుగా కాస్త ఆలస్యం పెరుగుతుంది.

కుదుపు గడియారం కొట్టినట్టు క్రమం తప్పకుండా వస్తుంటే పరికరం మధ్యమధ్యలో చుట్టుపక్కల వైఫైలను వెతుకుతోందని అనుమానించండి. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ కోసం చేసే వైఫై స్కానింగ్‌ను ఆపవచ్చు. మ్యాక్‌లో ఎయిర్‌డ్రాప్ వాడే వైర్‌లెస్ లింకే తరచూ కారణం. స్ట్రీమ్ నడిచేంతసేపు ఎయిర్‌డ్రాప్ ఆపి చూడండి.

నెట్‌వర్క్ బాగుంది, అయినా వెనకబడుతోంది

డీకోడింగ్ సమయం, అంటే చేతిలోని పరికరం వీడియోను విప్పే సమయం చూడండి. పాత టాబ్లెట్‌కు హెచ్‌ఈవీసీ అనే వీడియో పద్ధతి బరువైతే హెచ్.264కు మారండి. అదీ కాకపోతే తప్పు టీవీది. చాలా టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దే పేరుతో ఆలస్యం చేస్తాయి, ఆ లెక్క మూన్‌లైట్‌కు అందదు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి.

బయటి ఊరి నుంచి ఇంటి కంప్యూటర్ అందడం లేదు

మన దేశంలో ఎన్నో ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌కు సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు. ఒకే అడ్రసును అనేక ఇళ్లు పంచుకుంటాయి. రూటర్ పేజీలో వాన్ అడ్రసు (ఇంటర్నెట్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అదే కోవ. పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని రూటర్ మీ కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు) ఎంత చేసినా పని చేయదు. టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్‌ను రెండు వైపులా వేసి, అది ఇచ్చే అడ్రసును మూన్‌లైట్‌లో చేర్చండి. దాని స్టేటస్‌లో డైరెక్ట్ అని ఉంటే నిశ్చింత. రిలే అని ఉంటే ట్రాఫిక్ మధ్యలో ఇంకో సర్వర్ చుట్టి వస్తోంది, ఆలస్యం తప్పదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీ ఇంటి అప్‌లోడ్ వేగం. డౌన్‌లోడ్ చూసి బిట్‌రేట్ పెట్టకండి.

అమెరికా నుంచి హైదరాబాద్ కంప్యూటర్‌ను నడపాలనుకునేవారికి ఒక మాట. డాలస్ ఇక్కడికి దాదాపు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు కాబట్టి, కేబుల్ తిన్నగా వేసినా రాకపోకలకు 140 మిల్లీసెకన్లు పడుతుంది, నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. ఫైళ్లు చూసుకోవడానికి, ఆఫీసు పనికి పర్వాలేదు. గురి చూసి కాల్చే ఆటలకు ఆశ వదులుకోండి.

దూరం నుంచి వాడేవారు ఊరికి బయల్దేరే ముందే బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ సెట్టింగుల్లో), కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టి, ఒకసారి ప్లగ్గు పీకి పెట్టి చూసుకోవాలి.