చిన్న కారుకు బైపాస్ ఆయిల్ ఫిల్టరా? ముందు పైపుల సంగతి చూడండి

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ స్విఫ్ట్, డిజైర్ నడిపేవాళ్లు, కంపెనీ ఫిల్టర్‌కు తోడుగా ఇంజిన్ ఆయిల్‌ను ఇంకా శుభ్రం చేసే బైపాస్ ఫిల్టర్ పెట్టించుకోవచ్చా అని అడుగుతుంటారు. పెట్టించుకోవచ్చు, నా బండికీ ఉంది. అయితే పెద్ద లారీ ఛాంబర్లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పదిహేను లీటర్లకు తక్కువ కాకుండా ఆయిల్ ఉంటే, మన బండిలో ఉండేది సుమారు 3 లీటర్లు. పైపు ఊడితే ఆ 3 లీటర్లు రోడ్డు పాలు కావడానికి ఎంతోసేపు పట్టదు. నా భయమంతా ఫిల్టర్ గురించి కాదు, దానికి వచ్చే పైపుల గురించే.

కంపెనీ ఫిల్టర్లోంచి ఆయిలంతా వేగంగా పోవాలి కాబట్టి అది మరీ సన్నటి మురికిని పట్టలేదు. బైపాస్ ఫిల్టర్ పదో వంతు ఆయిల్‌ను మాత్రమే పక్కకు లాగి, 2, 3 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మసి ముద్దల్ని కూడా ఆపి, ఆయిల్‌ను మళ్లీ ఛాంబర్‌కు పంపుతుంది. ఆయిల్లో కలిసిన డీజిల్‌ను అది తీయలేదు, అరిగిపోయిన అడిటివ్‌లను (ఆయిల్లో కలిపే రక్షణ రసాయనాలను) తిరిగి తేలేదు. కాబట్టి ఆయిల్ మార్చే గడువు పొడిగించకండి. పెట్రోలు బండికైతే ఈ ఖర్చు దండగని నా అభిప్రాయం. వారంటీలో ఉన్న బండి జోలికి అసలు వెళ్లొద్దు.

డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉన్నచోట టీ (మూడు దారుల జాయింటు) బిగించి ఫిల్టర్‌కు లైను తీస్తారు. ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. అమెరికా కిట్లలో వచ్చే 1/8 అంగుళం ఎన్‌పీటీ (అమెరికా మర రకం) ఫిట్టింగుకు అంగుళానికి 27 మరలు, మన బళ్లలో తరచూ కనిపించే అదే సైజు బీఎస్‌పీకి (బ్రిటిష్ మర రకం) 28. ఒకదానికి ఇంకోటి బిగిస్తే రెండు చుట్లు తేలిగ్గా తిరిగి, తర్వాత బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే ఇంజిన్ బ్లాకులో మరలు పోతాయి. పాత స్విచ్ విప్పి తీసుకెళ్లి, దానితో సరిచూసి ఫిట్టింగు కొనండి. ఇత్తడిది వద్దు, ఇంజిన్ అదురుకు విరుగుతుంది. స్టీలుది తీసుకోండి.

టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి. తెగిన ముక్క లోపలికి పోయి సన్న దారులకు అడ్డం పడుతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. ఒకే వైరున్న స్విచ్‌కు ఎర్త్ దాని మరల ద్వారానే అందుతుంది. మధ్యలో టేపు మందంగా ఉన్నా, స్విచ్‌ను రబ్బరు పైపు చివరకు మార్చినా ఎర్త్ తెగుతుంది. అప్పుడు ఆయిల్ మొత్తం పోయినా డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగదు! పని అయ్యాక, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి చూడండి. లైటు వెలగకపోతే బండిని అక్కడి నుంచి కదపొద్దు.

డీజిల్ పైపు, జూబ్లీ క్లిప్పు ఇక్కడ పనికిరావు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల జేసీబీలకు హైడ్రాలిక్ పైపులు ప్రెస్ చేసి ఇచ్చేవాళ్లుంటారు, వాళ్ల దగ్గర చేయించండి. మామూలు హైడ్రాలిక్ పైపు 100 డిగ్రీల వరకే. ఎండాకాలం ఘాట్ ఎక్కేటప్పుడు ఆయిల్ అది దాటుతుంది. అంతకంటే ఎక్కువ వేడికి ఆగే రకం అడగండి. మా బావమరిది బండిలో పైపు రేడియేటర్ బ్రాకెట్‌కు రాసుకుని, నాలుగు నెలల్లో లోపలి తీగ బయటపడింది. ఆయిల్ మార్చడానికి బానెట్ ఎత్తాం కాబట్టి కంటపడింది.

కిట్‌తో వచ్చే రెస్ట్రిక్టర్‌కు (ఫిల్టర్‌కు పోయే ఆయిల్‌ను తగ్గించే ముక్కకు) సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. ఫ్లో పెరుగుతుందని దాన్ని తీసేయమనేవాళ్లు ఉంటారు, వినకండి. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ప్రెషర్ పడిపోయి, బేరింగులకూ టర్బోకూ ఆయిల్ చాలదు. రిటర్న్ పైపును ఛాంబర్ కింద డ్రెయిన్ బోల్టుకు కలిపితే స్పీడ్ బ్రేకర్‌కు తగులుతుంది. ఆయిల్ పోసే మూత వైపు నుంచి కలిపించుకోండి.

కొత్త ఫిల్టర్, పైపులు కలిసి అర లీటరు పైగానే ఆయిల్ తాగుతాయి. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, కాసేపాగి గేజి (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసి తగ్గినంత పోయండి. మర్నాడు బండి కింద అట్టముక్క పరిచి చూడండి. మొదటి 500 కిలోమీటర్లు రోజూ గేజి చూడాల్సిందే.

దారిలో ఎర్ర లైటు వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి, షెడ్డు దాకా లాగించొద్దు. డిక్కీలో 3 లీటర్ల ఆయిల్, ఆ టీకి సరిపోయే మూత బోల్టులు రెండు, ఒక స్పానర్ ఉంచుకోండి. ఇంజిన్ చల్లారాక పైపు విప్పి, టీ దగ్గర ఒకటి, రిటర్న్ దగ్గర ఒకటి బిగించి, గేజి గుర్తు దాకా ఆయిల్ పోస్తే కంపెనీ ఫిల్టర్‌తోనే ఇంటికి రావచ్చు.