ఫారంలో తప్పులన్నీ ఒకేసారి చూపించాలంటే
వెబ్‌సైట్‌లో ఫారం నింపి బటన్ నొక్కితే ఒక తప్పు చూపిస్తుంది. అది సరిచేసి నొక్కితే ఇంకోటి. మొన్నటిదాకా నా కోడ్ కూడా ఇంతే, మొదటి తప్పు దొరకగానే రిటర్న్ అయిపోయేది.

ఇప్పుడు సర్వర్‌లో తప్పుల కోసం ముందే ఒక ఖాళీ ఆబ్జెక్ట్ (కీ అనే పేరు, దాని విలువ జతలుగా దాచుకునేది) పెట్టుకుంటున్నాను. ఫీల్డ్‌లన్నీ వరసగా చెక్ చేస్తూ, తప్పున్న చోట ఆ ఫీల్డ్ పేరునే కీగా పెట్టి మెసేజ్ అందులో వేస్తాను. మధ్యలో రిటర్న్ ఉండదు. చివరికి ఆబ్జెక్ట్‌లో ఏమైనా ఉంటే 422 స్టేటస్‌తో (పంపిన డేటాలో తప్పుందని బ్రౌజర్‌కి చెప్పే కోడ్) మొత్తం పంపేస్తాను. బ్రౌజర్ వైపు ఒక్క లూప్ చాలు: పాత మెసేజ్‌లు తుడిచేయడం, కీ పేరుతో ఉన్న ఇన్‌పుట్ వెతకడం, దాని కిందే కొత్త మెసేజ్ పెట్టడం. ఆ తర్వాత అన్నిటికన్నా పైనున్న తప్పు ఫీల్డ్ మీదికి ఫోకస్ పంపాలి. రేపు కొత్త ఫీల్డ్ కలిపినా ఈ లూప్‌ని ముట్టుకోనక్కర్లేదు. అన్నట్టు, ఫెచ్ (బ్రౌజర్ నుంచి సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) వాడేవాళ్లు 422 వస్తే ఎర్రర్లు పట్టుకునే క్యాచ్‌లోకి వెళ్తుందనుకోకండి, వెళ్లదు. రెస్పాన్స్ ఓకేనా కాదా అని మనమే చూసుకోవాలి. నాకు ఒక సాయంత్రమంతా దీనికే పోయింది.

మెసేజ్ కూడా ‘చెల్లదు’ అని వదిలేయకుండా ‘పాస్‌వర్డ్‌లో కనీసం 8 అక్షరాలు ఉండాలి’ అన్నట్టు రాస్తే మళ్లీ అడిగేవాళ్లు తగ్గుతారు.

ఒక్క చోట ఇది పనిచేయదు. ‘ముగింపు తేదీ ప్రారంభ తేదీకన్నా ముందుంది’ లాంటి తప్పు ఏ ఒక్క ఫీల్డ్‌దీ కాదు. దానికి వేరే కీ పెడితే ఇన్‌పుట్ దొరక్క మెసేజ్ మాయమవుతుంది, బటన్ పాడైందనుకుంటారు. అలాంటివాటికి ‘జనరల్’ అని ఒక కీ పెట్టి ఫారం పైన చూపించండి. ఇన్‌పుట్ దొరకని కీలు ఏవైనా సరే, అక్కడికే పంపండి.