సెషన్ల లిస్టు సార్ట్ అవ్వట్లేదా, ఇలా చేసి చూడండి

వైజాగ్‌లో మా కాలేజీ పూర్వ విద్యార్థుల ఆన్‌లైన్ మీట్‌కి సెషన్ల లిస్టు పెట్టే పని నా మీద పడింది, డేటా అంతా గూగుల్ షీట్‌లోనే ఉంది. టైమ్ ప్రకారం సార్ట్ కొడితే 10:00 సెషన్ పైనా, 9:00 ది దాని కిందా వస్తోంది. సంగతేంటంటే ఆ కాలమ్ టెక్స్ట్‌గా ఉంది, టెక్స్ట్ అయితే మొదటి అంకె చూసి వరస పెడుతుంది కాబట్టి 1 ముందు, 9 తర్వాత. పక్క కాలమ్‌లో టెక్స్ట్‌ని నిజమైన టైమ్‌గా మార్చే టైమ్‌వాల్యూ ఫార్ములా పెట్టి దాని మీద సార్ట్ చేశా, దారికొచ్చింది.

అసలు తలనొప్పి ఫిల్టర్ ఫార్ములాది. టాపిక్ ‘పోర్టు’ అని ఎంచుకుంటే సగం సెషన్లు మాయం, చూస్తే ఒకరు పోర్ట్ అని, ఇంకొకరు పోర్టు అని కొట్టారు, ఇంకోదాంట్లో చివర కంటికి కనపడని స్పేస్ (ఇవి పట్టుకోడానికి ఓపిక కావాలి బాబూ). ట్రిమ్‌తో స్పేస్‌లు తీసేసి, స్పెల్లింగులు ఒకటి చేసి, డేటా వాలిడేషన్‌లో డ్రాప్‌డౌన్ పెట్టి, లిస్టులో లేనివి రిజెక్ట్ అయ్యేలా చేసేశా, ఇక ఎవరూ సొంత స్పెల్లింగు టైప్ చెయ్యలేరు. ఏ సెషనూ దొరక్కపోతే ఫిల్టర్ ఫార్ములా ఎర్రర్ చూపిస్తుంది, దానికి ఇఫ్‌ఎర్రర్ (ఎర్రర్ బదులు మనం రాసింది చూపించే ఫార్ములా) తగిలించి ‘సెషన్లు లేవు’ అని రాయండి.

సింగపూర్ వాళ్లకి మన టైమ్‌కి రెండున్నర గంటలు కలిపి ఇంకో కాలమ్ ఇచ్చా.