సంతకాలయ్యాక మహిళా బృందం చేయాల్సిన పని

యుద్ధం ఆపే శాంతి ఒప్పందం కుదిరిన మర్నాడే మహిళల్ని పక్కన పెట్టేస్తారు. బృందం నిలబడాల్సింది సరిగ్గా అప్పుడే. 2003లో పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియాలో, అంతర్యుద్ధం ఆపాలంటూ క్రైస్తవ, ముస్లిం మహిళలు తెల్లబట్టలు కట్టుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర బైఠాయించారు. జూలైలో ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చల హాలు గుమ్మాలకు అడ్డంగా కూర్చున్నారు. ఆగస్టు 18న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. వాళ్లు ఆ తర్వాత కూడా పని ఆపలేదు.

మీ బృందానికి మొదట పన్నెండు మంది చాలు, ఒక్కో పక్షం నుంచి ఆరుగురు. నాయకుల భార్యలతోనే నింపొద్దు. భర్తను పోగొట్టుకున్నవాళ్లు, ఊరొదిలి తిరిగొచ్చినవాళ్లు తప్పకుండా ఉండాలి. ఇరుపక్షాలూ ఎలాగూ వచ్చే సంత దగ్గరో నీళ్ల దగ్గరో కూర్చోండి. పిల్లల్ని చూసుకోవడానికి ఒకరిని పెట్టండి, లేకపోతే చంటిపిల్లల తల్లులు రెండోవారానికే మానేస్తారు. మొదటి నెల ‘ఎవరు మొదలుపెట్టారు’ అన్న మాటే ఎత్తొద్దు. నీళ్లు, దారి, బడి సంగతి తేల్చండి.

ఎక్కువగా చెడేది ఆయుధాల అప్పగింత దగ్గర. 2003 డిసెంబరులో లైబీరియాలో ఆయుధాలు తీసుకునే షెఫ్లిన్ శిబిరం తెరిచేసరికి, అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువమంది పోరాటగాళ్లు వచ్చిపడ్డారు. ఆయుధం అప్పగించినందుకు డబ్బు ఎప్పుడిస్తారో తెలియక గొడవలు రేగాయి. పని ఆపేసి, 2004 ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకే శిబిరం తెరవకముందే వాడవాడకూ వెళ్లి మూడు సంగతులు చెప్పాలి: ఏ రోజు రావాలి, ఏమిస్తారు, ఎప్పుడిస్తారు. తుపాకీ తెచ్చినవాళ్లనే నమోదు చేస్తామంటే ఒప్పుకోవద్దు. బలవంతంగా ఎత్తుకుపోయిన ఆడపిల్లలు, సైన్యానికి వండిపెట్టి మూటలు మోసినవాళ్లు ఆ నిబంధనతో మాయమైపోతారు. లైబీరియాలో ఆయుధం లేని మహిళల్ని, పిల్లల్ని కూడా చేర్చుకున్నారు. వాళ్లకు వేరే వరస, రాసుకోవడానికి ఆడమనిషి, లోపలి నుంచి గడియపడే మరుగుదొడ్లు అడగండి.

ఆ తర్వాత అక్కడి మహిళలు ‘శాంతి గుడిసెల్లో’ ఊరి తగాదాలు వినడం మొదలుపెట్టారు. మీరూ అలా కూర్చుంటే పొలం గట్టు, అప్పు, ఇంటి గొడవలు తీసుకోండి. తీర్పు పుస్తకంలో రాసి, పైకి చదివి, ఇద్దరి వేలిముద్రలూ వేయించండి. నెల తర్వాత వెళ్లి అమలైందో లేదో చూడండి. అత్యాచారం, హత్య మాత్రం రాజీకి తేవొద్దు. అవి పోలీసులకూ కోర్టుకూ వెళ్లాలి. సయోధ్య పేరు చెప్పి బాధితురాలిని నిందితుడి ఎదుట కూర్చోబెట్టడం ఇంకో దెబ్బ కొట్టడమే.

ఓటరు నమోదునూ వదలొద్దు. లైబీరియాలో 2005 ఎన్నికల ముందు నమోదుకు మార్కెట్ మహిళలు దుకాణం వదిలి వెళ్లలేకపోతే, కార్యకర్తలు వాళ్ల బల్లల దగ్గర కూర్చుని సరుకు చూసుకున్నారు, పిల్లల్ని ఎత్తుకున్నారు.