మేళకర్త లెక్క – 4వ పాఠం: మూడు పేర్లకూ 57 ఎందుకొచ్చింది?

కర్ణాటక సంగీతంలోని 72 మూల రాగాలే మేళకర్తలు, క్లుప్తంగా మేళాలు; పేరును బట్టే ఒక్కోదాని సంఖ్య తెలుస్తుంది. పోయిన పాఠం చివర మూడు పేర్లిచ్చి వాటి సంఖ్యలు కనిపెట్టమన్నాను: శ్యామలాంగి, షణ్ముఖప్రియ, సింహేంద్రమధ్యమం. ఒడిశాలోని బరంపురం, గుణుపురం, రాయగడల నుంచి వచ్చిన జవాబుల్లో చాలావాటిలో మూడింటికీ ఒకటే సంఖ్య, 57. ఈసారి సంఖ్య నుంచి స్వరాలు రాబట్టడం చెప్పాల్సింది. పేరు దగ్గరే తప్పితే స్వరాల దాకా వెళ్లి లాభం లేదు కాబట్టి అది వచ్చే పాఠానికి.

ఒక్కో హల్లుకూ ఒక అంకె చూపే కటపయాది పట్టిక మీ దగ్గరుంది, మళ్లీ రాయను. పేరులో మొదటి రెండక్షరాల అంకెలు తీసి తిరగేయడం కూడా అందరికీ వచ్చింది. చిక్కంతా పలుకులో ఉంది.

ఒడియాలో శ, ష, స రాతలో మూడు, నోట్లో ఒకటే: స. ఒడియా బడిలో చదివిన పిల్లలకు షణ్ముఖం సణ్ముఖంగానే వినిపిస్తుంది. పట్టికలో మాత్రం శ 5, ష 6, స 7. షణ్ముఖప్రియలో ష 6, మ 5, తిరగేస్తే 56. ష బదులు స వేస్తే 7, 5, అది 57. శ్యామలాంగిలో శ 5, మ 5, అంటే 55. సామలాంగి అన్నారో, అదీ 57లోనే పడుతుంది. 57 సింహేంద్రమధ్యమానిది. ఈ మూడింటికీ చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం సమానం. నిషాదం ఒక్కటే మారుతుంది: 55లో శుద్ధం, 56లో కైశికి, 57లో కాకలి. ఒక్క అక్షరం జారితే మీరు పాడే నిషాదమే వేరైపోతుంది. అందుకే దీని మీద ఇంత పట్టుబడుతున్నాను.

నేను వాడే దగ్గరిదారి ఒకటుంది. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో 56ను చామరం అనీ, 57ను సుమద్యుతి అనీ అంటారు. చ 6, మ 5. స 7, మ 5. చామరంలో శషసల గొడవే లేదు. నాకు ఈ పేర్లే ఇష్టం.

రెండో చిక్కు రాతలో ఉంది. పుస్తకాల్లో రాగాల పేర్లు ఒడియా లిపిలో రాసుకున్నవాళ్లకు వ, బ రెండూ ఒకే అక్షరమైపోయాయి. వ 4, బ 3. వాచస్పతి 64; బాచస్పతి అనుకుంటే 63, అది లతాంగి. నవనీతం 40, నబనీతం అయితే 30, నాగానందిని. వకుళాభరణం మరీ మోసం చేస్తుంది. పొగడపువ్వును సంస్కృతంలో బకుళమనీ అంటారు కనుక అలా రాసినా తప్పనిపించదు, కానీ 14 కాస్తా 13 అయి గాయకప్రియలోకి వెళ్తాం. యాగప్రియను జాగప్రియ అంటే 31 పోయి 38, జలార్ణవం.

తెలుగులోనే చదువుకున్నవాళ్లు వత్తులు మింగుతున్నారు. 20వ మేళం నఠభైరవి, ఠ 2. నటభైరవి అని రాస్తే 10, నాటకప్రియ. ఝంకారధ్వనిలో ఝ 9, కాబట్టి 19; జ వేస్తే 18.

సంయుక్తాక్షరాలకు ఒకే నియమం అడిగారు. రత్నాంగి, సూర్యకాంతం, షడ్విధమార్గిణి, షణ్ముఖప్రియ, ధర్మవతి, ఈ ఐదింటిలో జంటలోని రెండో హల్లు తీసుకోండి. చక్రవాకం, దివ్యమణి, విశ్వంభరి, శ్యామలాంగి, సింహేంద్రమధ్యమం, చిత్రాంబరి, జ్యోతిస్వరూపిణి, ఈ ఏడింటిలో మొదటిది. బట్టీ పట్టడమే మేలు. సింహేంద్రంలో సున్నను మ్‌గా లెక్కపెట్టాలి. కాంతామణిలో, గాంగేయభూషణిలో సున్నను వదిలేయాలి.

వేంకటమఖి ఇలాంటి పేర్లెందుకు పెట్టాడని కొందరి ప్రశ్న. ఈ పేర్లు ఆయనవి కావు. గోవింద దీక్షితుల కొడుకైన ఆయన 17వ శతాబ్దంలో, తంజావూరులో విజయరాఘవ నాయకుడి కాలంలో, చతుర్దండీ ప్రకాశిక రాసి 72 మేళాలను లెక్కతో తేల్చాడు. అప్పటికి వాడుకలో ఉన్నవిగా ఆయన వివరించినవి 19 మాత్రమే. కనకాంగి, రత్నాంగి అని సాగే వరుస తర్వాతి గోవిందాచార్యుల సంగ్రహ చూడామణిలోది. పాత పేరు సంఖ్యకు కుదరకపోతే ముందొక మాట తగిలించారు: శంకరాభరణానికి ధీర, కల్యాణికి మేచ, తోడికి హనుమ. ధీర తీసేసి లెక్కేస్తే 29 రాదు.

అభ్యాసం: 72 పేర్లూ ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క ఒడియాలో చేత్తో రాయండి. తెలుగు వైపు, మొదటి రెండక్షరాల్లో వ ఉన్న పేర్లకు గీత పెట్టండి. 14 రావాలి. తక్కువొస్తే షడ్విధమార్గిణినీ దివ్యమణినీ మళ్లీ చూడండి. తర్వాత ఆ 14లో ప్రతి వకారానికీ బ వేసి, ఏ సంఖ్య వస్తుందో, అది ఏ మేళమో పక్కన రాయండి. అది పూర్తయ్యాక 55, 56, 57 ఆరోహణలు ఒకే శ్రుతిలో, ఒకదాని వెంట ఒకటి, నిషాదం దగ్గర ఆగి పాడండి.