ఐవీఆర్ గొంతు బావిలోంచి వస్తున్నట్టుందా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు తెలిసినవాళ్ల క్లినిక్ ఒకటుంది. ఇంటర్నెట్ ఫోన్ సిస్టమ్ కొత్తగా పెట్టుకున్నారు. అందులో ఐవీఆర్ ఉంది, అంటే ఫోన్ చేసినవాళ్లకి ఏ నంబర్ నొక్కాలో చెప్పే రికార్డింగ్ గొంతు. ఫోన్ చేస్తే "...స్కారం, అపాయింట్‌మెంట్ కోసం ఒకటి నొక్కండి" అని బావిలోంచి ఎవరో అరుస్తున్నట్టు వినిపించేది. రిసెప్షన్‌లో అమ్మాయి ఎత్తి మాట్లాడితే మాత్రం శుభ్రంగా ఉంది. ఈ ఒక్క తేడాతోనే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది. మనిషి గొంతు బాగుండి రికార్డింగ్ ఒక్కటే పాడుగా ఉంటే తప్పు ఫైల్‌ది. రెండూ ముక్కలు ముక్కలుగా వస్తుంటే నెట్‌వర్క్‌ది, అప్పుడు ఇది చదవడం ఆపేసి రౌటర్ సంగతి చూసుకోండి.

ఇంతకీ వాళ్లు చేసిందేమిటంటే, ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా మాట్లాడి పంపుకున్నారు, ఎవరో దాన్ని ఎంపీత్రీ చేశారు, ఇంకెవరో దాన్ని వేవ్ (కుదించని ఆడియో ఫైల్) చేశారు, చివర్లో సిస్టమ్ దాన్ని జీఎస్ఎమ్‌కి (మొబైల్ ఫోన్ల కోసం గొంతుని బాగా కుదించే ఫార్మాట్) మార్చింది. కుదించే ఫార్మాట్‌లోకి మార్చిన ప్రతిసారీ గొంతులో కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. మరిగిన నూనెలోనే నాలుగో వాయి మిర్చి బజ్జీలు వేసినట్టు.

ఫోన్ లైను అసలే పిసినారిది. 1972లో వచ్చిన జీ.711 కోడెక్కే (కోడెక్ అంటే గొంతుని అంకెలుగా మార్చి పంపే పద్ధతి) ఇప్పటికీ ఎక్కువచోట్ల నడుస్తోంది. సెకనుకు 8000 శాంపిళ్లు, దాటేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. 'స'లో ఈలలా వచ్చే గాలి శబ్దం చాలావరకు 4000 పైనే ఉంటుంది కాబట్టి అది అవతలికి చేరదు. ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు "ఎస్సా, ఎఫ్ఫా?" అని అడిగించుకునేది అందుకే. మీరు ఎంత ఖరీదైన మైక్ పెట్టినా ఈ గోడ దాటలేరు, గోడకి ఇవతల ఉన్నదాన్ని శుభ్రంగా పంపడమే మన పని.

రికార్డింగ్‌కి స్టూడియో అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు కాలర్ మైక్ చాలు. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు, అపార్ట్‌మెంట్ బోరు మోటార్ నడిచే టైమ్ అసలే వద్దు. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడి మాట్లాడితే గది ప్రతిధ్వని చాలావరకు చచ్చిపోతుంది, నవ్వకండి, చేసి చూడండి. మైక్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉంటే 'ప', 'భ' దగ్గర బుస్సుమని గాలి కొట్టదు. 48000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 48000 శాంపిళ్లు), మోనో, వేవ్ ఫైల్. ఆ ఒరిజినల్‌ని భద్రంగా దాచుకోండి, తర్వాత ఏ ఫార్మాట్ కావాలన్నా దాన్నుంచే తీయాలి, మార్చినదాన్నుంచి ఎప్పుడూ కాదు.

వెనకాల వీణ మ్యూజిక్ పెడదామా అని అడుగుతారు. వద్దు. జీ.729 లాంటి కోడెక్ సెకనుకు 8 కిలోబిట్లతో సరిపెట్టుకోవడానికి మనిషి గొంతు ఎలా పుడుతుందో ఆ లెక్కమీదే పనిచేస్తుంది, వీణ దానికి అర్థం కాదు, గొంతునీ వీణనీ కలిపి గిన్నెలో గరిటె తిప్పినట్టు చేస్తుంది.

తర్వాత ఆ ఫైల్‌ని ఆడాసిటీలో (ఆడియో ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరవండి. 200 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది గరగరని తీసేస్తుంది), కొంచెం కంప్రెసర్ (గట్టి, మెల్లని మాటల మధ్య తేడా తగ్గిస్తుంది), చివర అన్నిటికన్నా గట్టి చోటు మైనస్ 3 డెసిబెల్స్‌కి వచ్చేలా నార్మలైజ్, అంతే. నాయిస్ రిడక్షన్ గట్టిగా లాగితే నీళ్లలోంచి మాట్లాడినట్టు అవుతుంది, దానికన్నా కాస్త ఫ్యాన్ చప్పుడే నయం. మన ఊళ్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు ముగ్గురు వేర్వేరు మనుషులు చెప్తారు కదా, మూడు ఫైళ్లూ వరసగా పెట్టి విని గొంతుల స్థాయి సమానం చేయండి, లేకపోతే తెలుగు గుసగుసలాడి హిందీ చెవిలో అరుస్తుంది.

ఇప్పుడు ఒకే ఒక్కసారి మార్చండి: 8000 హెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్. ఇలాంటి ఫోన్ సిస్టమ్‌లని నడిపే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక గోతి ఉంది. ఫైల్ పేరు చివర వేవ్ అన్నది చిన్న అక్షరాల్లో ఉంటే మామూలు వేవ్, పెద్ద అక్షరాల్లో ఉంటే అది జీఎస్ఎమ్‌తో కుదించిన వేరే ఫార్మాట్. అక్షరాల సైజుకి గొంతు పోతుందని ఎవరనుకుంటారు! మన దేశంలో ల్యాండ్‌లైన్లు వాడేది ఎ-లా (జీ.711లోనే ఒక రకం) కాబట్టి అందులో కూడా ఒక కాపీ పెడితే కాల్ టైమ్‌లో మార్చే పని తప్పుతుంది. ఆఫీసు లోపలి ఫోన్లలో జీ.722 (సెకనుకు 16000 శాంపిళ్లు తీసుకునే కోడెక్) ఉంటే 16000 హెర్ట్జ్ కాపీ కూడా పెట్టండి, తేడా వెంటనే తెలుస్తుంది.

"స్కారం" సంగతి. కాల్ ఎత్తిన క్షణంలో ఆడియో దారి ఇంకా తెరుచుకోదు, మొదటి అక్షరాలు మింగేస్తుంది. ఆన్సర్ తర్వాత ఒక సెకను వెయిట్ పెట్టాం, 'నమ' తిరిగొచ్చింది.

టోకెన్ నంబర్లు చదివించేటట్టయితే ఇంకో తలనొప్పి. ఇంగ్లీషు కోసం రాసిన లెక్కలో తెలుగు ముక్కలు అతికిస్తే "వంద ఒకటి" అంటుంది, మనం అనేది "నూట ఒకటి". అందుకే 'వంద', 'నూట' రెండూ రికార్డ్ చేయాలి. అంకెల్ని కూడా రెండు రకాలుగా చెప్పించండి, వాక్యం మధ్యలో వచ్చేది గొంతు ఎత్తి, చివర్లో వచ్చేది దించి. ఒకే రకం అతికిస్తే రైల్వే అనౌన్స్‌మెంట్ అవుతుంది.

చివరి పరీక్ష హెడ్‌ఫోన్లో చేయకండి. నేను దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో నిలబడి, పక్కన బస్సు హారన్ కొడుతుంటే మామూలు మొబైల్ నుంచి చేశాను. ఆరు, ఏడు విడివిడిగా తెలిశాయి. "ఫీజు వివరాలకు మూడు నొక్కండి" మాత్రం "సీజు" అనిపించింది, ఆ 3400 హెర్ట్జ్ గోడే. ఫిల్టర్లతో కుస్తీ పట్టకుండా "డబ్బులు కట్టడానికి మూడు నొక్కండి" అని మళ్లీ చెప్పించాం.