డిగ్రీలో ఉండగానే పరిశోధన ప్రాజెక్టు ఎలా చేయాలి?

ప్రాజెక్టు అనగానే చాలామంది విద్యార్థులు ముందు శీర్షిక వెతుకుతారు. ‘జల కాలుష్యం’, ‘సౌరశక్తి వినియోగం’, ‘భాషా వైవిధ్యం’ లాంటి పెద్ద మాట దొరకగానే గైడ్ చేత సంతకం పెట్టించుకుంటారు. రెండు నెలలు గడిచాక దేన్ని కొలవాలో తెలియక ఎవరో రాసినది అతికిస్తారు, లేదా డబ్బిచ్చి తయారుగా ఉన్న ప్రాజెక్టును కొనుక్కుంటారు. ఒక ప్రశ్నకు సొంతంగా జవాబు కనుక్కునే అవకాశం చాలామందికి మొత్తం చదువులో వచ్చేది ఆ ఒక్కసారే. దాన్ని చేజార్చుకోవద్దని నా విన్నపం.

అందుకే మొదటి పని, శీర్షికను పక్కన పెట్టి ప్రశ్న రాయడం. అందులో ఒక చోటు, ఒక కాలం, లెక్కపెట్టగలిగేది ఒకటి ఉండాలి. ‘మా కాలేజీ దగ్గరి చెరువు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఉదయం ఆరింటికి ఎంత, మధ్యాహ్నం రెండింటికి ఎంత?’ ఇది సైన్స్ ప్రశ్న. ‘మేడ మీది సౌర ఫలకంపై నెల రోజులు దుమ్ము పేరుకుంటే విద్యుత్తు ఎంత తగ్గుతుంది?’ ఇది ఇంజినీరింగ్ ప్రశ్న. ‘హైదరాబాద్‌లో కోఠి నుంచి ఆబిడ్స్ వరకు దుకాణాల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో ఏది పైన ఉంది, ఏది పెద్దగా ఉంది?’ ఇది ఆర్ట్స్ విద్యార్థి ప్రశ్న. మూడూ బస్ పాస్‌తో తిరిగి పూర్తిచేయగలిగినవే.

చిన్న ప్రశ్న అంటే చిన్నచూపు వద్దు. బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ రెండేళ్లుగా వెంటాడినది, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపులో ఆ పరాన్నజీవి ఏమవుతుందన్న ఒక్క విషయాన్నే. మన సికింద్రాబాద్‌లోనే 1897 ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయం గోడలో జవాబు దొరికింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఒకసారి చూసి రండి.

ప్రశ్న కుదిరాక రెండు వారాలు చదవండి. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు లక్షల సంఖ్యలో ‘శోధగంగ’ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ముందు చదవవలసింది ఎలా కొలిచారో చెప్పే అధ్యాయం. నగర చరిత్ర మీద పనిచేసేవారికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నాయి. వెళ్లేటప్పుడు కాలేజీ నుంచి పరిచయ లేఖ తీసుకువెళ్లండి. నిజాం కాలపు దస్త్రాల్లో ఎక్కువ భాగం పారశీకంలోనో ఉర్దూలోనో ఉంటుంది కాబట్టి, ఆ లిపి చదవగల స్నేహితుణ్ణి మొదటి రోజే బ్యాచ్‌లో చేర్చుకోండి.

గైడ్‌ను ముందు సొంత కాలేజీలోనే వెతకండి. బయటి సహాయం కావాలంటే హైదరాబాద్ విద్యార్థులంత అదృష్టవంతులు తక్కువ. తార్నాక, హబ్సిగూడ ప్రాంతంలోనే రసాయన, భూభౌతిక, జీవకణ, పోషకాహార పరిశోధన సంస్థలు నాలుగున్నాయి. అయితే ‘మీ దగ్గర ప్రాజెక్టు చేయాలని ఉంది సర్’ అని నలభై మందికి ఒకే ఉత్తరం పంపితే జవాబు రాదు. ఒక్కరికే, నాలుగు వాక్యాలు చాలు: ‘నమస్కారం మేడమ్. నేను బీఎస్సీ మూడో సంవత్సరం విద్యార్థిని. చెరువు నీటి మీద మీరు రాసిన వ్యాసం చదివాను. నీటిని ఏ లోతు నుంచి తీయాలన్న దగ్గర నాకు సందేహం ఉంది, పదిహేను నిమిషాలు సమయం ఇవ్వగలరా?’ మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి వేసవిలో ఇచ్చే రెండు నెలల ఫెలోషిప్ కూడా ఉంది. ఎండలు మొదలయ్యాక ఆరా తీస్తే ఆలస్యమైపోతుంది, చలికాలం రాకముందే చూసుకోండి.

తర్వాతది అన్నిటికన్నా ముఖ్యం: అసలు పనికి ముందు ఒక్కరోజు నమూనాగా చేసి చూడడం. ప్రశ్నలోని గోతులు అక్కడే బయటపడతాయి.

చెరువునే తీసుకోండి. రాత్రంతా నాచు, చేపలు, సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకోవడంతో తెల్లవారేసరికి అది బాగా తగ్గుతుంది. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియతో దాన్ని మళ్లీ పెంచుతుంది. మురుగు చేరి పచ్చబడిన చెరువుకు మధ్యాహ్నం ఒక్కసారే వెళ్లి కొలిస్తే, నీళ్లు ఎంతో ఆరోగ్యంగా ఉన్నాయని తప్పుడు జవాబు వస్తుంది. కాబట్టి ప్రతి అంకె పక్కన సమయం ఉండాలి. కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతిలో సీసాను బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటును, క్షార అయొడైడ్‌ను గట్టు మీదే కలపాలి. ల్యాబ్‌కు తెచ్చాక కలుపుదామనుకుంటే దారిలోనే విలువ మారిపోతుంది. నీళ్లలోకి దిగవద్దు, ఒంటరిగా వెళ్లవద్దు.

సౌర ఫలకం విషయంలో వోల్టేజీ ఒక్కటే కొలిచి ‘దుమ్ముతో తేడా లేదు’ అని రాసేస్తుంటారు. వెలుతురు తగ్గితే వోల్టేజీ కొద్దిగానే మారుతుంది, బాగా తగ్గేది కరెంటు. మల్టీమీటరుతో దాన్ని కొలవాలి. ఒకే రకం ఫలకాలు రెండు తీసుకుని, ఒకదాన్ని రోజూ తుడిచి, రెండోదాన్ని వదిలేయండి. మొదటి రోజు రెండింటినీ కడిగి పోల్చి చూడడం మరవద్దు, ఎందుకంటే ఏ రెండు ఫలకాలూ అచ్చంగా ఒకేలా ఉండవు.

బోర్డుల లెక్కలో చిక్కు ఇంకోలా ఉంటుంది. తెలుగు లిపిలో ‘మెడికల్ స్టోర్స్’ అని ఉంటే అది తెలుగా, ఇంగ్లీషా? నియమం ముందే రాసుకోండి. తర్వాత ఇద్దరు విడివిడిగా అవే ఇరవై బోర్డులను లెక్కించి పోల్చండి. లెక్కలు కలవకపోతే తప్పు నియమానిది.

మనుషులతో మాట్లాడే ప్రాజెక్టయితే ఎందుకు అడుగుతున్నామో వాళ్ల భాషలో చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. ఆరోగ్య సమాచారం సేకరించేవారు ముందుగా, పరిశోధనలో ఎవరికీ హాని జరగకుండా చూసే నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలి.

అంకెలన్నీ కుట్టిన నోటుపుస్తకంలో, పెన్నుతో, తేదీ వేసి రాయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టండి, కింది అంకె కనబడుతూ ఉండాలి. ఆ రోజు పేజీని సాయంత్రమే ఫోటో తీయండి. నెల మధ్యలో వాన పడి దుమ్ము ఫలకం కడుక్కుపోయిందా? ఆ రోజును తీసేయకుండా వాన పడిందనే రాయండి. అనుకున్న జవాబు రాలేదని అంకెలు దిద్దేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. రానిదాన్ని రాలేదని రాస్తే చాలు, అది కూడా ఫలితమే.

నివేదికలో మొదట రాయవలసింది పద్ధతి. చేసిన వారంలోనే రాస్తే ఏదీ మరవరు. తర్వాత ఫలితాలు, ఆ తర్వాతే ముందుమాట. వైవాకు నోటుపుస్తకాన్ని కూడా తీసుకువెళ్లండి. అది ముగిశాక అంకెల పట్టికను, ఎలా కొలిచారో రాసిన పేజీని డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి వెళ్లండి. వచ్చే ఏడాది బ్యాచ్ అదే చెరువుకు, అదే గట్టుకు, అదే సమయానికి వెళ్లి కొలుస్తుంది.